సర్టిఫికెట్లు తాకట్టు పెట్టి పాఠాలా?

పరీక్షలు ముగిసి ఎండలు ముదిరేసరికి మన నల్లగొండ జిల్లా పల్లెల్లో మరో వలస మొదలవుతుంది. ఇది కూలి కోసం పోయే వలస కాదు. బి.ఇడి., డి.ఇడి. చదివిన యువతీ యువకులు సర్టిఫికెట్ల ఫైలు సంచిలో పెట్టుకుని హైదరాబాదు బస్సెక్కే వలస. పెళ్లయి భర్త వెంట వెళ్లే ఆడపిల్లలు కొందరు. పిల్లల చదువు కోసం మకాం మార్చే తల్లులు కొందరు. ఊళ్లో ఉంటే కొలువు రాదని తేల్చుకున్న యువకులు కొందరు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ ప్రాంతాల్లో మనవాళ్లు ముందే స్థిరపడి ఉన్నారు కనుక తలదాచుకునే చోటు ఎలాగో దొరుకుతుంది. కొలువు దగ్గరే అసలు కష్టం.

వీళ్లను తొందరపడుతున్నారని నిందించి లాభం లేదు. సర్కారు బడిలో టీచరు పోస్టుల కోసం తెలంగాణలో 2017లో 8,792 ఖాళీలకు ప్రకటన వెలువడింది. ఆ తర్వాత 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు ప్రకటన ఇచ్చి, పరీక్ష జరగకుండానే రద్దు చేశారు. చివరకు 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులకు ప్రకటన వచ్చి, ఆ ఏడు జూలై, ఆగస్టు నెలల్లో పరీక్షలు జరిగాయి. అంటే ఒక నియామకానికీ మరో నియామకానికీ నడుమ ఏడేళ్లు గడిచాయి. ఇరవై నాలుగేళ్లకు చదువు పూర్తిచేసిన పిల్ల ముప్పై దాటేదాకా చేతులు ముడుచుకుని ఎలా కూర్చుంటుంది? అందుకే ప్రైవేటు బడి గడప తొక్కుతోంది.

అయితే బస్సెక్కే ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అత్తగారిల్లు హైదరాబాదులో ఉంది కాబట్టి అక్కడి సర్కారు పోస్టుకు తాము లోకల్ అవుతామని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన కాలంలో నాలుగేళ్లకు తగ్గకుండా ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకే లోకల్. పెళ్లితో ఇంటిపేరు మారవచ్చు గాని లోకల్ హోదా మారదు. ఎస్.జి.టి., స్కూల్ అసిస్టెంట్ పోస్టులు జిల్లా స్థాయివి. వాటిలో 95 శాతం లోకల్ వారికే. మిగిలిన 5 శాతం కోసం రాష్ట్రమంతా పోటీపడుతుంది. పైగా హైదరాబాదు పట్నమంటే ఒక్క జిల్లా కాదు. హైదరాబాదు, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాల్లో అది విస్తరించి ఉంది. మన పాత జిల్లా కూడా 2016 అక్టోబరు 11న నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడు ముక్కలైంది. కాబట్టి మీరు చదివిన బడి ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో ముందు చూసుకోవాలి.

జోన్ పోస్టులకూ ఇదే లెక్క. మన జిల్లా యాదాద్రి జోన్‌లో ఉంది. పట్నం చార్మినార్ జోన్‌లో ఉంది. ఈ రెండూ రెండో మల్టీజోన్ కిందికే వస్తాయి. అందువల్ల పి.జి. చేసినవారు మల్టీజోన్ స్థాయి జూనియర్ లెక్చరర్ పోస్టులకు లోకల్‌గానే పోటీపడవచ్చు. కేంద్రీయ విద్యాలయాలకు లోకల్ నిబంధన లేదు గాని, అక్కడ ఎనిమిదో తరగతి వరకు చెప్పే టీచరు కావాలంటే సి-టెట్ కావాలి. ఆ పరీక్షలో తెలుగును భాషగా ఎంచుకోవచ్చు. లెక్కలు, పరిసరాల విజ్ఞానం వంటి ప్రశ్నలు మాత్రం హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంటాయి. బి.ఇడి. చదివినవారు ప్రాథమిక తరగతుల పోస్టులకు అర్హులు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు చెప్పింది. ఐదో తరగతి లోపు చెప్పాలంటే డి.ఇడి. ఉండాలి. కృష్ణ దాటి మన జిల్లాకు కోడళ్లుగా వచ్చినవారు మరో సంగతి గమనించాలి. 2014 తర్వాత రెండు రాష్ట్రాలూ టెట్ విడివిడిగా పెడుతున్నాయి. తమ టెట్ ఎక్కడ చెల్లుతుందో నియామక ప్రకటన చదివి తేల్చుకోవాలి.

ఊరు విడిచేముందే చక్కబెట్టుకోవలసిన పనులున్నాయి. ఒకటి నుంచి ఏడు తరగతుల దాకా చదివిన బడి నుంచి స్టడీ సర్టిఫికెట్లు తీసుకోవాలి. బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారిని కలవాలి. కుల ధ్రువీకరణ పత్రం మీసేవలో తీసుకోవాలి. ఇప్పటికే ఇక్కడ ప్రైవేటు బడిలో చెప్పి ఉంటే అనుభవ పత్రం రాయించుకోవాలి. పట్నంలో ఇల్లు సర్దుకున్నాక ఒక్క కాగితం కోసం ఊరికి రెండుసార్లు తిరగడమంటే బస్సు చార్జీలు, ఒకరోజు జీతం రెండూ పోతాయి. టెట్ మార్కుల పత్రం భద్రంగా దాచుకోవాలి. 2021 నుంచి దానికి జీవితకాలం చెల్లుబాటు ఉంది. తెలంగాణ డి.ఎస్సీ.లో 80 మార్కులు రాత పరీక్షకైతే 20 మార్కులు టెట్‌కే. ప్రైవేటు బడిలో చెబుతూనే టెట్ మళ్లీ రాసి మార్కులు పెంచుకున్నవారికి అది అక్కరకు వస్తుంది.

ఇక ప్రైవేటు బడి. జూన్‌లో బడులు తెరుస్తారు కనుక ఏప్రిల్, మే నెలల్లోనే టీచర్లను తీసుకుంటారు. జూలైలో వెళ్లి అడిగితే మిగిలేవి ఎవరూ నిలవని చోట్లే. అందరూ డెమో పాఠం చెప్పమంటారు. తెలుగు మీడియంలో చదివిన మన పిల్లలు అక్కడే తడబడుతున్నారు. విషయం తెలియక కాదు, ఇంగ్లీషులో చెప్పే అలవాటు లేక. ఒకటి రెండు పాఠాలు ఇంట్లో పది పదిహేనుసార్లు గట్టిగా చెప్పుకుంటే ఆ బెరుకు పోతుంది. ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరంలో ఉన్న బడులను ముందు అడగాలి. రెండు బస్సులు మారి వెళ్లే చోట వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చినా చార్జీలకే సరిపోతుంది. కొలువు ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగే దళారులకు దూరంగా ఉండాలి. బడికి గుర్తింపు ఉందా, పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉందా అని అడగడానికి మొహమాటపడకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. కొన్ని బడులు చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాయి. ఏడాది మధ్యలో మానేయకుండా ఇది జామీను అంటున్నాయి. అప్పు కోసం పాసుపుస్తకం వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టిన రైతు గతే ఈ టీచరుదీ. డి.ఎస్సీ.లో ఎంపికై సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వచ్చిన రోజున ఆ బీరువా తెరుచుకోకపోతే ఏళ్ల కష్టం ఏమైపోతుంది? తల్లి పుస్తెలు కుదువపెట్టి చదివించిన చదువు ఎవరో యజమాని సొరుగులో చిక్కుకోవాలా? ఒరిజినల్ చూపించాలి, జిరాక్సు ఇవ్వాలి, ఒరిజినల్ చేత్తో పట్టుకుని తిరిగి రావాలి. దీనికి ఒప్పుకోని బడి ఎంత పెద్ద భవనంలో ఉన్నా మనకు పనికిరాదు.

జీతం సంగతీ కాగితం మీదే ఉండాలి. పన్నెండు నెలల జీతమా, పది నెలలదా? వేసవిలో అడ్మిషన్ల కోసం ఇళ్లిళ్లూ తిప్పితే ఆ రోజులకు ఇచ్చేదెంత? జీతం బ్యాంకులో వేస్తారా, చేతికిచ్చి ఎక్కువ అంకె మీద సంతకం పెట్టించుకుంటారా? ఇవన్నీ చేరకముందే అడగాలి. నియామక పత్రం ఇవ్వమని కోరాలి.

చట్టం టీచరు పక్షాన లేదనుకోవడం పొరపాటు. ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబరు 1, ప్రైవేటు బడి ఫీజు డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో లెక్కగట్టి చెప్పింది. సగం సిబ్బంది జీతాలకు, 15 శాతం ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ వంటి సిబ్బంది మేలుకు, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి పోగా యాజమాన్యానికి మిగలవలసింది 5 శాతం. ఇరవై మంది పనిచేసే సంస్థకు ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుంది. బడి మారినా ఖాతా నంబరు మనతోనే వస్తుంది. టీచర్లకు గ్రాట్యుటీ ఇవ్వాలని 2009లో చట్టాన్ని సవరించారు. ఆ సవరణ చెల్లుతుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రసూతి సెలవు 2017 నుంచి 26 వారాలైంది. ఈ హక్కుల్లో ఏది అడగాలన్నా మనం ఆ బడిలో పనిచేస్తున్నట్టు రుజువు ఉండాలి.

ఆ రుజువు విలువ ఎంతో కరోనా కాలం చూపించింది. 2020లో బడులు మూతపడి ప్రైవేటు టీచర్లు వీధిన పడ్డారు. కూరగాయలు అమ్మినవారు, ఊరికి తిరిగొచ్చి ఉపాధి హామీ పనికి వెళ్లినవారు మనకు తెలుసు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. గుర్తింపు లేని బడిలో, రిజిస్టరులో పేరెక్కకుండా పాఠాలు చెప్పిన వారికి ఆ గింజలైనా దక్కే దారేది?

యాజమాన్యాలు చెప్పేదీ వినాలి. టీచరు నడిమధ్యలో మానేస్తే పిల్లల చదువు దెబ్బతింటుందన్న మాట నిజమే. అది మన పిల్లలు కూడా పాటించవలసిన నీతి. వెళ్లదలచుకుంటే ఒక నెల ముందు చెప్పాలి. పాఠ్యభాగం ఎక్కడిదాకా వచ్చిందో రాసి అప్పగించాలి. ఆ షరతు నియామక పత్రంలో రాసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కాని సర్టిఫికెట్లు దాచి మనిషిని నిలబెట్టడం వెట్టి అనిపించుకుంటుంది. వేళకు జీతమిచ్చే బడిని టీచరు ఊరికే వదిలిపెట్టదు.

అధికారులు చేయవలసిన పని కొండంతదేమీ కాదు. గుర్తింపు ఉన్న బడుల జాబితాను ఏటా ఏప్రిల్‌లోనే ప్రతి మండల విద్యాధికారి కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటించాలి. గుర్తింపు పొడిగించేటప్పుడు టీచర్ల నియామక పత్రాలు, బ్యాంకు జీతాల వివరాలు చూడాలి. సర్టిఫికెట్లు బీరువాలో దొరికిన బడికి నోటీసు ఇవ్వాలి. జిల్లా ఉపాధి కార్యాలయం వేసవిలో ఒక్క రోజైనా దేవరకొండ, మిర్యాలగూడ వంటి చోట్ల కూర్చుని పట్నం పోయే టీచర్లకు లోకల్ నిబంధనలు, హక్కులు విడమరచి చెప్పాలి. అన్నిటికీ మించి, ఏడేళ్లకోసారి కాకుండా ఖాళీ అయిన పోస్టును ఆ ఏడే నింపితే సగం మందికి ఊరు విడిచే అవసరమే రాదు.

అప్పటిదాకా మన అక్కచెల్లెళ్లకు, తమ్ముళ్లకు మేము చెప్పేది ఒక్కటే. పట్నం వెళ్లండి, ధైర్యంగా పాఠం చెప్పండి. మీ చదువు కాగితాన్ని మాత్రం ఎవరి బీరువాలోనూ పెట్టకండి.