అంగడి లెక్క, బడి లెక్క

లెక్క తప్పిన బాలుని మందమతి యనుట మన బడులలో పరిపాటి యైనది. ఇది యన్యాయము. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ప్రభృతులు కలకత్తా, ఢిల్లీ అంగళ్లలో సరకు లమ్ము పిల్లలను పరీక్షించి 2025వ సంవత్సరమున ప్రకటించిన ఫలితములను చదువరులు గమనింతురు గాక. ఇంత తూకమునకు ఇంత వెల, ఇచ్చిన నోటునకు ఇంత చిల్లర యని కాగితము ముట్టకయే చెప్పు నా పిల్లలు, అట్టి లెక్కలనే బడిపద్ధతిని వ్రాసి యిచ్చినచో తడబడిరి. బడిపిల్లల సంగతి మరియు విచిత్రము: కాగితముపై నెగ్గినవారు బేరములో చతికిలబడిరి! లోపము బాలుని బుద్ధియందా? ఈ రెండు లెక్కలు నొక్కటియే యని చూపని బోధనయందా? పాలేరు కొడుకు బస్తాల లెక్క చిటికెలో చెప్పిన మెచ్చుకొను ఆసామియే, వాడు పరీక్ష తప్పినంతనే “వీనికి చదువెందుకు?” అని బడి మాన్పింపజూచును.