వాలెస్‌కు అడవిని ఎవరు నేర్పారు?

ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ కథను మేము చాలా ఏళ్లుగా విద్యార్థులకు చెబుతూ వస్తున్నాము. ఆయన పద్నాలుగో ఏట బడి మానిన ఇంగ్లీషు కుర్రవాడు. కళాశాల గడప తొక్కలేదు. పురుగుల మీది ఆసక్తి ఆయనను 1848లో అమెజాన్ అడవులకు తీసుకుపోయింది. 1852లో తిరిగి వస్తుండగా ఓడకు నిప్పంటుకొని, వెంట తెస్తున్న సేకరణ దాదాపు అంతా బూడిదైంది. అయినా 1854లో మలయ్ ద్వీపాలకు బయలుదేరాడు. ఓడ తగలబడే ఘట్టం వద్ద పిల్లలు ఎప్పుడూ ఊపిరి బిగబడతారు. ఈ ఏడు మాత్రం ఒక విద్యార్థి, "ఉస్తాద్, ఆయనకు అడవిని ఎవరు నేర్పారు?" అని అడిగాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

వర్షారణ్యం కొత్తవానికి సులభంగా చిక్కదు. ఆకులు, పూలు, పక్షులు చాలావరకు వంద అడుగుల ఎత్తున ఉంటాయి. నేల మీద మిగిలేది మసక చీకటి. మన చెరువుగట్ల మీద తుమ్మలు వరుసగా నిలుస్తాయి. అక్కడ ఒక చెట్టును గుర్తుపట్టి, అలాంటిదే మరొకటి చూడాలంటే ఎంతో దూరం వెదకాలి. ఈ సంగతిని వాలెస్ గమనించాడు. దీనికి ఒక కారణాన్ని శతాబ్దం తర్వాత, 1970, 1971లలో, జాన్జెన్, కనెల్ అనే శాస్త్రజ్ఞులు విడివిడిగా ప్రతిపాదించారు. తల్లిచెట్టును ఆశ్రయించిన పురుగులు, తెగుళ్లు దాని నీడలో మొలిచిన పిల్లమొక్కలను బతకనీయవట. దూరాన పడిన విత్తనానికే అవకాశం ఎక్కువ.

మరి వాలెస్‌కు దారి ఎక్కడ దొరికింది? 1855లో, బోర్నియోలోని సరవాక్‌లో, ఒక బొగ్గు గని కోసం చైనా, దయాక్ కూలీలు చెట్లు నరుకుతున్న చోట. చెట్టు కూలితే ఎండ నేలను తాకుతుంది. వాడిన ఆకులకు, కుళ్లే మానుకు పెంకు పురుగులు మూగుతాయి. తెచ్చిన ప్రతి పురుగుకు ఆయన ఒక సెంటు ఇచ్చేవాడు. బోర్నియోలో ఆయన సేకరించిన పెంకు పురుగులు సుమారు 2,000 రకాలు. వంద తప్ప తక్కినవన్నీ ఆ ఒక్క చోట, ఇంచుమించు ఒక చదరపు మైలులోనే దొరికాయి. ఎత్తైన చెట్టు మీది నుంచి ఏటవాలుగా ఎగిరినట్లు దిగిన కప్పను తెచ్చి చూపినవాడూ ఒక చైనా కూలీయే. ఆ కప్ప నేడు వాలెస్ పేరుతో ఉంది.

ఆ ఏడాదే సరవాక్‌లో అలీ అనే మలయ్ ముస్లిం యువకుడు ఆయన వద్ద వంటకు చేరాడు. పక్షులను కొట్టడం, చర్మం ఒలిచి భద్రపరచడం నేర్చుకొని ముఖ్య సహాయకుడయ్యాడు. 1858లో బచాన్ ద్వీపంలో అలీ తెచ్చిన పక్షికి రొమ్మున మెరిసే ఆకుపచ్చ ఈకలు, ఒక్కొక్క రెక్క నుంచి రెండేసి పొడవైన తెల్లని ఈకలు ఉన్నాయి. అది శాస్త్రానికి తెలియని స్వర్గపక్షి. లండన్‌లో దానికీ వాలెస్ పేరే పెట్టారు. తెచ్చింది అలీ అని వాలెస్ తన పుస్తకంలో దాచకుండా రాశాడు. దాచింది మేము, ఇన్నేళ్ల మా పాఠంలో ఓడ ఉంది, అలీ లేడు.

1862లో సింగపూర్‌లో విడిపోయేటప్పుడు వాలెస్ అలీకి డబ్బు, తుపాకులు ఇచ్చి, ఫోటో తీయించాడు. 1907లో టెర్నాటే ద్వీపంలో థామస్ బార్బర్ అనే అమెరికన్ ప్రకృతి శాస్త్రజ్ఞుణ్ణి ఒక ముసలి మలయ్ పలకరించాడు. తన పేరు అలీ వాలెస్ అని చెప్పుకున్నాడు.