గేటుకు జెండా

ఎన్నికలు వచ్చాయంటే మా వీధిలో మొట్టమొదట మారేది ప్రభుత్వం కాదు, ఇళ్ళ ముఖాలు. తెల్లవారేసరికి ప్రతి గేటుకూ ఒక జెండా మొలిచి వుంటుంది. ఇంటాయన ఓటు సంగతి ఇంకా తేల్చుకోనే లేదు, ఆయన గేటు మాత్రం పార్టీలో చేరిపోయింది!

దీనికి నియమం లేకపోలేదు. ఇంటివారి అనుమతి లేనిదే వారి స్థలంలో జెండా పాతరాదనీ, గోడకు కాగితం అంటించరాదనీ ఎన్నికల సంఘం వారి ప్రవర్తనా నియమావళిలో వున్నది. నోటిమాట చాలదు, ఇష్టపూర్వకంగా రాసియివ్వాలి. దాని నకలు అభ్యర్థి 3 రోజుల్లో రిటర్నింగు అధికారికి అందజేయాలి. స్థానిక చట్టం వద్దన్నచోట యజమాని సరేనన్నా చెల్లదు.

అంతా బాగానే వున్నది గాని, ఆ కాగితం పట్టుకొని వచ్చేదెవరు? రేపు కుళాయి పనిమీద మనం వెళ్ళి నిలబడవలసిన వార్డు పెద్ద. "మాస్టారూ, ఓ సంతకం" అంటాడు నవ్వుతూ. కాదంటే ఎదుటి పక్షం వాడని పేరు. ఔనంటే మర్నాడు ఎదుటి పక్షం వారు ఇంకా పెద్ద నవ్వుతో వస్తారు. మా పక్కింటి పిన్నిగారు, "ఇల్లు మా అబ్బాయి పేరున వుంది నాయనా, వాడు వూళ్ళో లేడు" అని ఇద్దర్నీ సాగనంపింది. ఇల్లు ఆవిడ పేరునే వున్నదని వీధంతా ఎరుగుదుం.

అమెరికాలో తగవు మరో రకం. సెయింట్ లూయిస్ పక్కనున్న లడ్యూ అనే వూళ్ళో 1990లో మార్గరెట్ గిల్లియో అనే ఆవిడ, గల్ఫ్ యుద్ధం వద్దని తన ఇంటిముందు బోర్డు పెట్టుకున్నది. మునిసిపాలిటీవారు కుదరదన్నారు. తర్వాత మేడ కిటికీలో పెట్టిన చిన్న కాగితానికి కూడా వాళ్ళ కొత్త నిబంధన అడ్డం వచ్చింది. 1994లో అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా ఆవిడకే తీర్పిచ్చారు. ఎన్నికలప్పుడు ఇంటిముందు అభ్యర్థి పేరు పెట్టుకునేవారికి నేటికీ ఆ తీర్పే అండ.

ఆవిడ కోరింది మాట్లాడే హక్కు. మా పిన్నిగారికి కావలసింది మాట్లాడకుండా వుండే హక్కు. ఓటు రహస్యమని 1951 నాటి చట్టం చెప్తోంది. పోలింగు కేంద్రంలో అట్ట అడ్డం పెట్టి మరీ మీట నొక్కిస్తారు. గేటుకు ఆ చాటు ఏదీ?

నకళ్ళు ఎలాగూ అధికారికి చేరుతున్నాయి గదా. పదింటికి ఒకటి తీసి, పార్టీవారెవరూ వెంటలేకుండా ఒక గుమాస్తాను ఆ ఇంటికి పంపి, "ఇష్టపడే ఇచ్చారా, అమ్మా?" అని అడిగిస్తే ఏం పోయింది? మా వీధికి వస్తే కాఫీ ఖర్చు నాది.