వాగు నీటికి అనుమతి ఎవరు ఇస్తారు?

2020 అక్టోబరులో, కెనడా వాయవ్య మూలన ఉన్న యూకాన్ ప్రాంతంలో, అక్కడి నీటి బోర్డు ఒక బహిరంగ విచారణ జరిపింది. చిత్తడి నేలల్లో ప్లేసర్ బంగారం తవ్వకాలకు నీటి లైసెన్సులు ఎలా ఇవ్వాలి, ఏ షరతులు పెట్టాలి అన్నది విచారణ విషయం. మంచుదేశంలో జరిగిన విచారణతో మన పత్రికకు పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. పని ఉంది. నీటిని పాడుచేయడానికి ఎవరు ఎవరికి అనుమతి ఇస్తారు, ఆ నిర్ణయంలో స్త్రీల మాటకు చోటెక్కడ అనే ప్రశ్నలు ఏ ఒక్క దేశానివీ కావు. పైగా ప్రపంచంలో బంగారం అతి ఎక్కువగా కొనే దేశాల్లో మనది ఒకటి. ఆడపిల్లకు భూమిలో వాటా ఇవ్వడానికి ఒప్పుకోని కుటుంబాలు కూడా నాలుగు తులాలు పెట్టి బాధ్యత తీరిందనుకుంటాయి. ఆ లోహాన్ని తీయడానికి ఏ నీళ్లు బురదవుతున్నాయో తెలుసుకోవడం మన పనే.

ప్లేసర్ బంగారం అంటే కొండ రాతి నుంచి విడిపోయి, వాగులు మోసుకొచ్చిన ఇసుకలో, గులకరాళ్లలో పేరుకున్న బంగారం. దాన్ని తీయాలంటే పైనున్న నాచును, మట్టిని యంత్రాలతో తొలగించాలి. అడుగున ఉన్న గులకను తవ్వి, వాలుగా పెట్టిన పొడవాటి తొట్టిలో పోసి నీళ్లతో కడగాలి. బరువైన బంగారం తొట్టిలో నిలుస్తుంది, బురద నీళ్లు బయటికి పోతాయి. ఆ నీళ్లను గుంటల్లో నిలవబెట్టి, మట్టి పేరాక మళ్లీ వాడుకోవాలి, లేదా వాగులోకి వదలాలి. గుంట చాలకపోయినా, గట్టు తెగినా బురదంతా వాగు పాలే. సాల్మన్ చేపలు గుడ్లు పెట్టేది గులకరాళ్ల సందుల్లోనే. సన్నని మట్టి ఆ సందులను పూడ్చేస్తే గుడ్లకు ప్రాణవాయువు అందదు.

ఈ బురదకు చట్టం ఒక కొలత పెట్టింది. యూకాన్‌ను ఆనుకుని ఉన్న అమెరికా రాష్ట్రం అలాస్కానే చూడండి. అక్కడ 1972 నాటి స్వచ్ఛ జల చట్టం కింద రెండు రకాల అనుమతులున్నాయి. వాగులోకి వదిలే నీటికి ఒకటి. చిత్తడి నేలను పూడ్చే పనికి సైన్యపు ఇంజనీర్ల విభాగం ఇచ్చేది మరొకటి. ప్లేసర్ గనులు వదిలే నీటికి 1988లో కేంద్ర పర్యావరణ సంస్థ పరిమితి విధించింది. శంఖు ఆకారపు పాత్రలో లీటరు నీళ్లు పోసి గంటసేపు ఉంచితే, అడుగున పేరిన మట్టి 0.2 మిల్లీలీటర్లకు మించకూడదు. ఏడాదికి 1,500 ఘనపు గజాల కంటే తక్కువ కడిగే చిన్న గనులకు ఈ నిబంధన వర్తించదు.

ఏ కొలతా లేకుండా బురదను నేరుగా వాగులోకి వదిలిన రోజులతో పోలిస్తే ఇది మేలే. దీన్ని సాధించినవారి శ్రమను తక్కువ చేయబోవడం లేదు. కానీ ఆ పాత్రలో కనిపించనిది చాలా ఉంది. గంటలో పేరని సన్నని బంకమట్టి అందులో లెక్కకు రాదు, దానికి వేరే కొలతలు కావాలి. ఒకే వాగు మీద వరుసగా పది గనులుంటే ఒక్కొక్కటీ పరిమితిలోనే ఉండవచ్చు, దిగువన నీళ్లు తాగేవారికి మాత్రం పదీ కలిసే వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, చిత్తడి నేల ఆ పాత్రలో అసలే కనిపించదు. చలిదేశాల చిత్తడి నేలల్లో నాచూ మొక్కలూ పూర్తిగా కుళ్లకుండా పొర మీద పొరగా పేరుకుని పీట్ అవుతాయి. అందుకు వేల ఏళ్లు పడుతుంది. వాన నీటినీ మంచు నీటినీ పట్టి ఉంచి మెల్లగా వాగుకు వదిలేది ఆ నేలే. యంత్రం దాన్ని కొద్ది రోజుల్లో ఎత్తిపోస్తుంది. తవ్వకం ముగిశాక అక్కడ నీటి గుంట మిగలవచ్చు, దాని చుట్టూ గడ్డి మొలవవచ్చు. పీట్ నేల మాత్రం మన మనుమరాళ్ల కాలానికి కూడా తిరిగి రాదు. గని నుంచి వచ్చే నీరు నిబంధన ప్రకారం తేటగానే ఉండవచ్చు, నేల మాత్రం ఉండదు.

అనుమతి ఇచ్చే పద్ధతిలోనూ చిక్కుంది. ఒకే రకం పనులకు షరతులు ముందే రాసిపెట్టి, అడిగినవారినందరినీ దాని కిందికి తెచ్చే సాధారణ పర్మిట్లు అలాస్కాలో అమలులో ఉన్నాయి. ప్రజలు అభిప్రాయం చెప్పే అవకాశం ఆ పర్మిట్ రాసేటప్పుడు, కొన్నేళ్లకోసారి వస్తుంది. తన వాగు మీద గని రాబోతోందని ఒక స్త్రీకి తెలిసేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉండవచ్చు.

ఆ స్త్రీ ఎవరు? యూకాన్ నది పొడవునా ఆదివాసీ కుటుంబాల్లో చేపల శిబిరాల దగ్గర సాల్మన్‌ను కోసి, ఎండబెట్టి, చలికాలానికి దాచే పనిలో ఎక్కువ భాగం స్త్రీలదే. చిత్తడి నేలల్లో పళ్లు ఏరేదీ, ఆ జాగాల గురించి పిల్లలకు చెప్పేదీ ఎక్కువగా వాళ్లే. ఈ పనికి కూలి లేదు, రసీదు లేదు. అందుకే ఏ నష్టం లెక్కలోకీ ఇది ఎక్కదు. యూకాన్ నదిలో చినూక్ సాల్మన్ ఎంతగా తగ్గిపోయిందంటే, 2024 ఏప్రిల్‌లో కెనడా, అలాస్కా అధికారులు ఏడేళ్లపాటు దాని వేట నిలిపివేయాలని ఒప్పందం చేసుకున్నారు. వేడెక్కుతున్న సముద్రం, వేడెక్కుతున్న నది వంటి కారణాలు చాలా ఉన్నాయి. నేరమంతా బంగారం తవ్వకాల మీద వేయలేం. కానీ చేప ఇంత కష్టంలో ఉన్నప్పుడు గుడ్లు పెట్టే ప్రతి వాగూ విలువైనదే. ఎండబెట్టడానికి చేప లేని శిబిరంలో అమ్మమ్మ మనుమరాలికి ఏం నేర్పుతుంది?

ఈ అన్యాయం కొత్తది కాదు. 1896 ఆగస్టులో క్లోన్‌డైక్ ప్రాంతపు వాగులో బంగారం బయటపడినప్పుడు మొదటి ముక్కను చూసింది షా త్లా అనే తాగిష్ ఆదివాసీ స్త్రీ అని ఒక కథనం. ఇంగ్లీషువాళ్లకు ఆమె కేట్ కార్మాక్. కనుగొన్నవాడిగా నమోదైంది మాత్రం ఆమె భర్త. క్లెయిములన్నీ మగవాళ్ల పేర రాసుకున్నారు. తర్వాత భర్త ఆమెను వదిలేశాడు. ఆమె 1920లో చనిపోయింది. కెనడా గనుల గౌరవ పట్టికలో నలుగురు పురుషుల పేర్లు 1999లో చేరితే, ఆమె పేరు చేరడానికి 2019 దాకా పట్టింది. ఆ బంగారపు వెర్రిలో ట్రోండెక్ హ్వెచిన్ ప్రజలు రెండు నదులు కలిసే చోట ఉన్న తమ చేపల శిబిరాన్ని వదిలి, దిగువకు వెళ్లాల్సి వచ్చింది. ఇండియన్ రివర్ చిత్తడి నేలల గురించి ఈనాడు గట్టిగా మాట్లాడుతున్నది ఆ ప్రజలే.

వాళ్ల మాట వినే సమయం ఎప్పుడు వస్తుందన్నది అసలు సమస్య. యూకాన్ గనుల చట్టాలు వందేళ్లకు పైగా నిలబడింది ఒక సూత్రం మీద: ఖాళీగా ఉన్న నేలలో కర్రలు పాతి నమోదు చేయించుకున్నవాడికి ఖనిజం మీద హక్కు వస్తుంది. నీటి లైసెన్సు, షరతులు, విచారణ అన్నీ ఆ తర్వాతే. అప్పటికి ఒకరి చేతిలో హక్కు ఉంది, మరొకరి చేతిలో అభ్యంతరం మాత్రమే ఉంది. రాతి గనుల క్లెయిములకు సంబంధించి రాస్ రివర్ డెనా ప్రజలు వేసిన కేసులో 2012 డిసెంబరులో యూకాన్ అప్పీలు కోర్టు, ఆదివాసీలతో సంప్రదించాల్సిన బాధ్యతను ఈ పద్ధతి నెరవేర్చడం లేదని తేల్చింది. అమెరికాలో గాలి ఎదురు వీచింది. 2023 మేలో అక్కడి సుప్రీంకోర్టు శాకెట్ కేసులో, నదులూ చెరువులతో పైకి కనిపించే ఎడతెగని నీటి సంబంధం ఉన్న చిత్తడి నేలలకే కేంద్ర చట్టం రక్షణ అని చెప్పింది. అలాస్కాలో ఉన్న చిత్తడి నేలలకు అమెరికాలోని మిగతా రాష్ట్రాలన్నీ కలిపినా సాటిరావు. నేల కింది నీటికి కోర్టుల నిర్వచనాలు తెలియవు. కానీ ఒక్క నిర్వచనం మారితే, అనుమతి అడగాల్సిన అవసరమే లేకుండా పోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని గౌరవంగా వినాలి. యూకాన్ ప్లేసర్ గనుల్లో చాలా భాగం పెద్ద కంపెనీలవి కావు, తరాలుగా ఇదే పని చేస్తున్న కుటుంబాలవి. ఆ కుటుంబాల్లోనూ స్త్రీలున్నారు, వాళ్ల అన్నమూ ఇందులోనే ఉంది. తవ్వకాలన్నీ ఆపేయాలని మేం అనడం లేదు. ఒకరి బతుకుతెరువు కాగితం మీద హక్కుగా, మరొకరి బతుకుతెరువు కాగితంలో లేని అలవాటుగా మిగలడం న్యాయం కాదంటున్నాం.

మరో మాట. కెనడాలో అదృశ్యమైన, హత్యకు గురైన ఆదివాసీ స్త్రీల, బాలికల మీద జరిగిన జాతీయ విచారణ 2019 జూన్‌లో తుది నివేదిక ఇచ్చింది. గనులు, చమురు వంటి ప్రాజెక్టుల చుట్టూ వెలిసే తాత్కాలిక శిబిరాలకూ స్త్రీల మీద హింసకూ సంబంధం ఉందని చెప్పింది. ప్రతి ప్రతిపాదనకూ స్త్రీల దృష్టితో సామాజిక, ఆర్థిక ప్రభావ అంచనా వేయాలని కోరింది. లీటరు నీటిలో మట్టిని కొలిచే పర్మిట్‌లో ఈ గడి ఎక్కడా లేదు.

మనకిదంతా కొత్తగా అనిపించకూడదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో చేపలకూ సాగుకూ ఆధారమైన బీలను కాగితాల మీద పనికిరాని భూమిగా చూపి థర్మల్ కేంద్రానికి ఇచ్చారు. అక్కడి రైతులూ మత్స్యకారులూ, వారితో సమానంగా స్త్రీలూ అడ్డుపడ్డారు. 2010 జులైలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే నెలలో పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. బీల విలువ ఆ ఊళ్ల స్త్రీలకు మొదటినుంచీ తెలుసు. ముందే అడిగి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి.

అందుకే మా డిమాండ్లు సూటిగా చెబుతున్నాం. నీళ్లు ఎంత బురదగా ఉండవచ్చు అని అడిగే ముందు, ఇక్కడ తవ్వవచ్చా అని అడగాలి. ఎవరి పేరా హక్కు నమోదు కాకముందే ఆ నేల మీద బతికేవారి సమ్మతి తీసుకోవాలి. గనుల్ని విడివిడిగా కాక వాగు మొత్తాన్ని ఒకటిగా లెక్కించాలి. స్త్రీల కూలి లేని పనినీ, వారి భద్రతనూ ఆ లెక్కలో చేర్చాలి.

యూకాన్‌కు మనం వెళ్లలేకపోవచ్చు. మన జిల్లాలో జరిగే విచారణకు వెళ్లగలం. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణకు కనీసం ముప్పై రోజుల ముందు ప్రకటన రావాలి. నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. ఆ ప్రకటన కోసం పత్రికలు చూడండి, సారాంశాన్ని సంఘంలో చదివించండి, నీళ్లు మోసే చేతులతోనే మీ అభ్యంతరం రాసి ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి.