ఋషి యనగా నెవరు?

ఋషి యను మాట వినబడగనే మన మనసునకు జడలును, వల్కలములును, తెల్లని గడ్డమును, శాపమిచ్చు నోరును దోచును. హరికథలును, నాటకములును, చలనచిత్రములును ఈ వేషమునే మనకు బరిచయము చేసినవి. వేషము మిగిలి యర్థము మరుగుపడుటచే గలిగిన నష్టము కొంచెము కాదు. ఋషులు పురుషులే, ఉత్తమకులజులే గాన వారి వాక్కు స్త్రీలకును శూద్రులకును గూడదని వాదించువారు నేటికిని గలరు. ఆ వాదమునకు ఆధారమున్నదేమో చూతము.

వైయాకరణులు గత్యర్థకమైన ఋష్ ధాతువునుండి ఈ శబ్దమును సాధించిరి. యాస్కుడు నిరుక్తమున ఋషి యనగా జూచువాడని చెప్పి, మంత్రములను దర్శించినవాడను నౌపమన్యవుని మతమును దెలిపెను. ఆధునిక భాషాశాస్త్రజ్ఞులకు ఈ వ్యుత్పత్తియం దేకాభిప్రాయము లేదు. అయినను పుట్టుకనుబట్టి ఋషి యని వీరిలో నెవరును జెప్పలేదు.

మంత్రద్రష్టల పేర్లు చెప్పు సర్వానుక్రమణియందు ఘోష, అపాల, విశ్వవార, వాగాంభృణి యను స్త్రీలు గలరు. కవషుని కథ ఐతరేయ బ్రాహ్మణమున నున్నది. దాసీపుత్రుడని యాతనిని సరస్వతీతీరమునందలి సత్రమునుండి వెడలగొట్టి, నిర్జలప్రదేశమున విడిచిరి. దప్పిగొన్న యాతడు సూక్తమును దర్శింపగా జలములు వచ్చి చుట్టుకొన్నవి. వెడలగొట్టినవారే పిలిచి గౌరవించిరి.

స్మృతులు నిషేధించినవి గదా యందురు. నిజమే, కాని స్మృతికంటె శ్రుతి బలీయమని బోధించునదియు నీ పండితులే. ఋషులు గతించిన కాలమున మన కేమి తెలియునందురా, దానికిని సమాధానము గలదు. ఋషులు వెడలిపోవుచుండగా, ఇక మాకు ఋషి యెవరని మనుష్యులడిగిరనియు, దేవతలు వారికి తర్కమునే ఋషిగా నిచ్చిరనియు నిరుక్త పరిశిష్టము చెప్పుచున్నది. విమర్శించువానిని నాస్తికుడని నోరుమూయించువారు దీనిని జదువవలెను.

మన వివాహములలో నేటికిని జదువు మంత్రములు పెక్కులు ఋగ్వేదము పదవ మండలమున 85వ సూక్తములోనివి. ఆ సూక్తమునకు ఋషి సూర్య యను స్త్రీ. ఒక స్త్రీ దర్శించిన వాక్కులను పురోహితుడు చదువుచుండగా, పీటపై గూర్చున్న వధువునకు వాని యర్థము నడుగు నధికారము లేదనుట యే ధర్మము? తల్లిదండ్రులారా! మీ కుమార్తెకు మంగళసూత్రముతోపాటు ఆ మంత్రార్థమును గూడ నిప్పింపుడు.