చల్లదనం ఎవరికి? సెగ ఎవరికి?

ఏ.సి.ల పొదుపు ఇంజనీర్ల గొడవ, మనకెందుకంటారు కొందరు అభ్యుదయ మిత్రులు. నేనొప్పుకోను. ఏ.సి. వేడిని చంపదు, లోపలి వేడికి తాను మింగిన కరెంటు వేడినీ కలిపి వీథిలోకి తోస్తుంది. కార్ఖానాలో అద్దాల దుకాణం చల్లబడితే ఆ సెగ తోపుడుబండివాని ముఖాన కొడుతుంది.

గత్యంతరం లేదనడం అబద్ధం. 2004లో హైదరాబాదులో ప్రారంభమైన గ్రీన్ బిజినెస్ సెంటరు నిజంగానే గాలిగోపురాలు కట్టి, ఏ.సి.కి చేరే గాలిని ముందే చల్లార్చింది. పోచారంలో ఇన్ఫోసిస్ ఒకే భవనంలో సగం పాత పద్ధతిన, సగం కాంక్రీటు కప్పులోని గొట్టాల్లో చన్నీరు పారించి చల్లబరచింది. రెండవ సగంలో సుమారు మూడోవంతు కరెంటు మిగిలింది.

శాస్త్రం ఉన్నది, లేనిది న్యాయం. 2023 నాటి తెలంగాణ చల్లని కప్పుల విధానం 600 గజాల లోపు ఇళ్లకు ఐచ్ఛికమన్నది. రంగు కొనలేనివానికి ఇచ్ఛ ఏమిటి? పెద్ద భవనాల సెగ తగ్గించే ఖర్చు యజమానులు భరించాలి; పేదల కప్పులకు ప్రభుత్వమే తెల్లరంగు వేయించాలి. ఇది మన గొడవే.