సచివ్‌జీ ఊళ్లో ఉండాలా, వెళ్లిపోవాలా?

‘పంచాయత్‌’ చూశారా? హిందీలో కుదరకపోతే మన ‘శివరాపల్లి’ అయినా చూసే ఉంటారు. చూసినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే చాలు, వాదన మొదలవుతుంది. ‘హాయిగా ఆ ఊళ్లోనే ఉండిపోవచ్చుగా, ఇంకా పరీక్షల గొడవెందుకు?’ అనేది ఒక పక్షం. ‘ఇంజినీరింగ్‌ చదివి అక్కడ కూర్చుంటే బతుకు అక్కడే ఆగిపోతుంది. తొందరగా బయటపడాలి’ అనేది ఇంకో పక్షం. మీరు ఎటువైపు?

చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. 2020 ఏప్రిల్‌లో, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు అమెజాన్‌ ప్రైమ్‌లో వచ్చింది ‘పంచాయత్‌’. హీరో అభిషేక్‌ త్రిపాఠి (జితేంద్ర కుమార్‌)కు మంచి ఉద్యోగం దొరకదు. ఉత్తరప్రదేశ్‌లోని ఫులేరా అనే పల్లెలో పంచాయతీ కార్యదర్శిగా చేరతాడు. జీతం నెలకు 20 వేలు. పగలు డ్యూటీ, రాత్రి క్యాట్‌ ప్రిపరేషన్‌. వెళ్లిన మొదటిరోజే ఆఫీసు తాళంచెవి కనిపించదు. నవ్వులు అక్కణ్నుంచే మొదలు. 2023లో గోవా ఇఫీ వేడుకల్లో రెండో సీజన్‌కు ఉత్తమ వెబ్‌ సిరీస్‌ అవార్డు దక్కింది. 2025 జనవరిలో ఇదే కథ రాగ్‌ మయూర్‌ హీరోగా తెలంగాణ పల్లెకు వచ్చింది.

‘ఉండిపో’ అనేవాళ్ల సంగతి ముందు చూద్దాం. ట్రాఫిక్‌లో రెండు గంటలు నలిగి, రాత్రి పదింటికి రూముకొచ్చి ఫోన్‌ తెరిచేవాళ్లకు ఫులేరా స్వర్గంలాగే కనిపిస్తుంది. ప్రధాన్‌జీ చేతికిచ్చే సొరకాయ, సాయంత్రం కబుర్లు, చుట్టూ పొలాలు. తప్పేం లేదు. కానీ ఆ కుర్చీలో నిజంగా కూర్చున్నవాళ్లను ఒక్కసారి అడగండి. తెలంగాణలో 2018లో 9,355 జూనియర్‌ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు నోటిఫికేషన్‌ ఇచ్చారు. మొదట్లో జీతం 15 వేలు, మూడేళ్ల ప్రొబేషన్‌. రెగ్యులర్‌ చేయమంటూ 2023లో వాళ్లు సమ్మెకు దిగాల్సి వచ్చింది. పారిశుద్ధ్యం, ఇంటి పన్నులు, నర్సరీలో మొక్కలు, జనన మరణ ధ్రువపత్రాలు... అన్నీ వాళ్ల నెత్తినే. సిరీస్‌ చూసి ‘అబ్బ, ఎంత ప్రశాంతమైన ఉద్యోగం’ అంటే వాళ్లకు నవ్వు రాదు.

ఇక ‘వెళ్లిపో’ అనేవాళ్లు. వీళ్ల మాటలో న్యాయం ఉంది. 20 వేలతో ఇల్లు గడపడం ఎంత కష్టమో ఎవరికి తెలియదు? మంచి ఉద్యోగం కోసం చదువుకోవడం నేరమేమీ కాదు. నాకు పేచీ వేరేచోట. ‘ఇక్కడ ఎలాగూ ఉండను కదా’ అనుకున్న మరుక్షణం నుంచి చేసే పని చులకనైపోతుంది. ఉద్యోగం బస్టాండులో బెంచీలా మారుతుంది. బస్సు వచ్చేదాకా కూర్చుంటాం, అంతే. కానీ ఆ బెంచీ ముందు జనం నిలబడి ఉంటారు. మీకది టైంపాస్‌ ఉద్యోగం కావచ్చు. పింఛను కాగితం కోసం మూడోసారి తిరుగుతున్న ముసలమ్మకు మాత్రం మీరే ప్రభుత్వం.

సిరీస్‌లో నాకు బాగా నచ్చిన భాగం సోలార్‌ లైటుది. కరెంటు ఉండదు, రాత్రి చదువుకోవడానికి అభిషేక్‌కు వెలుగు కావాలి. మిగిలిన ఒక్క లైటునూ దెయ్యం చెట్టు దగ్గర పెడదామంటుంది ఊరు. దాంతో ఆ దెయ్యం కథ ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ బయల్దేరతాడు. ఇందులో త్యాగం ఏమీ లేదు, పూర్తిగా స్వార్థమే. అయినా ఊరిని పట్టుకున్న ఓ భయాన్ని తేల్చే పని చేశాడు. సొంత చదువూ ఊరి పనీ ఒకదానికొకటి శత్రువులు కావని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

దీనికి ఎదురుగా మంజూదేవి కథ పెట్టి చూడండి. ఎన్నికల్లో గెలిచిన ప్రధాన్‌ ఆమె. పెత్తనం మాత్రం భర్తది. ఊరంతా ఆయన్నే ‘ప్రధాన్‌జీ’ అంటుంది, మన సచివ్‌జీ కూడా అలాగే పిలుస్తాడు. మనం పగలబడి నవ్వుతాం. మొదటి సీజన్‌ చివర్లో నీనా గుప్తా తడబడుతూ జనగణమన పాడినప్పుడు ఆ నవ్వు గొంతులో ఆగిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల పంచాయతీల్లో సగం పదవులు మహిళలవే. ‘సర్పంచ్‌గారి భర్త’ మనకు కామెడీ పాత్ర కాదు, రోజూ చూసే మనిషి. ఫైలు ఆమె ముందు పెట్టి చదివి వినిపించాలా, ఆయన చేతికిచ్చి సంతకం తెప్పించుకోవాలా? అది కార్యదర్శి చేతిలో ఉన్న విషయం. ‘నేనెలాగూ వెళ్లిపోయేవాణ్నే, నాకెందుకీ గొడవ’ అనుకుంటే నష్టం ఎవరికి?

అందుకే ఉండాలా, వెళ్లాలా అన్న వాదన నాకు రుచించదు. డ్యూటీ టైములో ఏం చేస్తున్నాడన్నదే అసలు లెక్క. మీలో చాలామంది ఇప్పుడు ఇదే స్థితిలో ఉండి ఉంటారు. అవుట్‌సోర్సింగ్‌లోనో, ప్రైవేటు బడిలోనో పనిచేస్తూ గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో చదువుతుంటారు. చదవండి. వచ్చిన అవకాశాన్ని వదులుకోకండి. అయితే రేపు ఇంటర్వ్యూలో ‘ఈ రెండేళ్లు ఏం చేశారు?’ అని అడుగుతారు. ‘ప్రిపేర్‌ అయ్యానండీ’ అనేవాళ్లు బోలెడుమంది. ‘మా ఊళ్లో ఫలానా పని ఆగిపోయి ఉంటే ఇలా కదిలించాను’ అని చెప్పగలిగేవాళ్లు ఎంతమంది?

వెళ్లేవాళ్లు ఎలాగూ వెళ్తారు. ఊరు అక్కడే ఉంటుంది. మీ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చేవాళ్లకు ఫైళ్లన్నీ సరిగ్గా దొరకాలి. తాళంచెవితో సహా!